ముందు కృతజ్ఞత, తర్వాత తిట్లు

ఇస్నాపూర్‌లో మా చిన్న చర్చిలో తొలినాటి క్రైస్తవ సంఘాలకు అపొస్తలుడు రాసిన పత్రికల గురించి, అంటే ఆ ఉత్తరాల గురించి, ఆదివారం ఆడవాళ్లకు చెబుతుంటాను. ఆయన ముందు పలకరిస్తాడు, వాళ్ల కోసం దేవుడికి కృతజ్ఞతలు చెబుతాడు, ఆ తర్వాతే తప్పులు ఎత్తిచూపుతాడు. ఒక పత్రికలో మాత్రం పలకరించీ పలకరించగానే మందలింపు మొదలుపెట్టాడు. కృతజ్ఞత ఊసే లేదు. “ఎంత మండిపడ్డాడో అక్కడే తెలుస్తుంది” అంటాను.

మొన్న అక్క కొత్తింటి ప్రార్థనకు నేను వెళ్లలేదు. మందుల ఫ్యాక్టరీలో డ్యూటీ పడింది. రాలేనని ఫోనైనా చేయలేదు, తప్పు నాదే. వారం తర్వాత పటాన్‌చెరులో బస్సెక్కుతుంటే ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏడు నిమిషాలు! నేరుగా తిట్లతో మొదలైతే ఇక మా మధ్య మాటలుండవని భయపడుతూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

“మంచిగున్నవా చెల్లె? నువ్వు పంపిన మామిడికాయ తొక్కు మస్తుగున్నదే, దేవునికి స్తోత్రం. ఇగ ఇను, అక్క సచ్చిందనుకున్నవా ఏంది?”

నా ప్రాణం లేచొచ్చింది. మిగతా తిట్లన్నీ ఎంత హాయిగా విన్నానంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయినా తెలియలేదు.