మా గురుకులంలో హిట్లర్ సారు

2006 బదిలీల్లో నాకు భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలో ఉన్న ఒక బాలుర గురుకులం పడింది. హోదా పీజీటీ, అంటే పెద్ద తరగతులకు చెప్పే టీచరు. సబ్జెక్టు సాంఘిక శాస్త్రం. అప్పటిదాకా ఖమ్మం టౌను దాటకుండా ఉద్యోగం వెలగబెట్టినదాన్ని కాబట్టి, ఆర్డరు చూసి మా ఇంట్లోవాళ్ళు నన్ను దవాఖానాలో పడ్డ మనిషిని పలకరించినట్టు పలకరించారు. నాకు మాత్రం ఆ చోటు నచ్చింది. బస్సు దిగితే బడి, బడి దాటితే టేకు చెట్లు, తనిఖీకి వచ్చే అధికారికి తిరుగు బస్సు మీదే ధ్యాస.

గురుకులంలో పిల్లల చదువు, తిండి, నిద్ర అన్నీ ఒకే చోట. అందువల్ల అక్కడ పాఠం కన్నా హాజరు పెద్ద విషయం. పొద్దున ప్రార్థనకు ముందు, సాయంత్రం అన్నానికి ముందు పిల్లలను వరుసల్లో నిలబెట్టి లెక్క చూస్తారు. దాన్ని రోల్ కాల్ అంటాం. గూడేల పిల్లలకు ఇల్లు గుర్తొస్తే గోడ దూకి అడవి దారిన నడిచి పోవడం మామూలే. దారిలో వాగులుంటాయి, పాములుంటాయి. ఏదైనా జరగరానిది జరిగితే మొదట సస్పెండయ్యేది వైస్ ప్రిన్సిపాలే.

మా వైస్ ప్రిన్సిపాలు నర్సయ్య సారు. దమ్మపేట వైపు వ్యవసాయ కుటుంబం, లెక్కల టీచరు. ఆయన వరండాలో అడుగు పెడితే వంటగదిలో గరిటెలు కూడా చప్పుడు చేయవని మా అటెండరు అనేవాడు. చేతిలో వెదురు కర్ర ఎప్పుడూ ఉండేది. పిల్లలు ఆయనను హిట్లర్ సారు అనేవారు. పిల్లలే కాదు, వంటవాళ్ళు, తల్లిదండ్రులు, చివరికి ప్రిన్సిపాలు కూడా. మన దగ్గర కాస్త కఠినంగా ఉండే మేనమామకూ, మేనేజరుకూ ఆ పేరు తగిలించడం అలవాటే కదా. నర్సయ్య సారుకు అది బిరుదు. చేర్పించడానికి వచ్చిన తండ్రితో ఆయనే, "నన్నిక్కడ హిట్లర్ అంటరు, మీవోడు బాగుపడతడు" అని మీసం సవరించుకునేవారు. తండ్రి సంతోషంగా ఇంటికి పోయేవాడు.

చరిత్ర టీచరుగా నాకు ఆ పేరు చెవిలో గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు. తరగతి గదిలో ఆ పేరు ఒకటి, వరండాలో వినపడేది ఇంకొకటి అన్నట్టే ఉండేది.

2009 జనవరిలో మాకు కొత్త డ్యూటీ పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను లక్షల సంఖ్యలో చంపిన మారణహోమాన్ని గుర్తు చేసుకునే అంతర్జాతీయ దినం జనవరి నెలాఖరులో వస్తుంది. ఆ సందర్భంగా విదేశంలోని ఒక సంస్థ, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన వాళ్ళతో ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష కార్యక్రమాలు పెట్టేది. ఎవరైనా చూడొచ్చు, పేరు నమోదు చేసుకున్న బడులు మాత్రం తెర మీద మాట్లాడొచ్చు. మా బడికి అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అది దేనికైనా వాడినట్టు పైకి రిపోర్టు పంపాలి కనుక ప్రిన్సిపాలు మా బడి పేరు ఇచ్చారు. సబ్జెక్టు నాది, ఇంగ్లీషూ ఫరవాలేదు కనుక సమన్వయకర్త, అనువాదకురాలు రెండూ నేనే.

ఇలాంటి కార్యక్రమానికి పద్ధతి ఉంటుంది. ముందురోజు టెస్ట్ కాల్ చేసి బొమ్మ, మాట సరిగా వస్తున్నాయో చూసుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ప్రొజెక్టరు ఎంతసేపు ఆగుతుందో తెలుసుకోవాలి. పిల్లల ప్రశ్నలు ముందే పంపాలి. టీచర్లకు కొన్ని సూచనలు కూడా వచ్చాయి. శిబిరాన్ని నాటకంలా ఆడించకూడదు, మిమ్మల్ని మీరు ఖైదీలుగా ఊహించుకోండి అని పిల్లలను అడగకూడదు. భయానక విషయాలు విన్నప్పుడు కొందరు పిల్లలు ఇబ్బందితో నవ్వుతారు, వాళ్ళను గద్దించకూడదు. ఈ చివరిది చదివి, మా పిల్లలు అలాంటివాళ్ళు కాదులే అనుకున్నాను.

కార్యక్రమం రోజు సాయంత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లలు కంప్యూటర్ గదిలో కింద బారులు తీరి కూర్చున్నారు. నర్సయ్య సారు తలుపు దగ్గర నిలబడ్డారు. తెర మీద ఇలోనా గారు కనిపించారు. హంగరీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన వృద్ధురాలు, బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరయ్యారు. పదమూడేళ్ళ వయసులో ఆమెను కుటుంబంతో సహా శిబిరానికి తరలించారు. తల్లిని, తమ్ముడిని రైలు దిగిన రోజునే చంపేశారు. ఆమె ఇంగ్లీషు నిదానంగా ఉంది. ఒక వాక్యం ఆమె, ఒక వాక్యం నేను. పిల్లలు కదలకుండా వింటున్నారు. నాకు లోలోపల గర్వంగానే ఉంది.

అప్పుడు ఆమె పిల్లలను ఒక ప్రశ్న అడిగారు. ఈ రోజు కంటే ముందు మీరు హిట్లర్ పేరు విన్నారా అని. అనువదించాల్సిన పని లేకపోయింది. ఆ పేరు వినపడగానే తలలన్నీ ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. గది మొత్తం ఘొల్లుమంది.

తెర మీద ఆమె మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు. వినడానికి వచ్చారనుకున్న పిల్లలు తన తల్లిని చంపించినవాడి పేరు విని నవ్వుతున్నారు. అది తెలుసుకోవడానికి ఒక క్షణం పట్టినట్టు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలాయి. నవ్వుకు కారణం చెప్పకపోతే ఆమెకు అవమానం, చెబితే నర్సయ్య సారుకు. రెండు భాషలూ నడపగలిగింది ఆ గదిలో నేనొక్కదాన్నే.

ఇంతలో ఆ సంస్థ నిర్వాహకురాలు అటునుంచి కలగజేసుకుంది. ఇది ఇబ్బందితో వచ్చే నవ్వు, ఈ వయసు పిల్లల్లో సహజం, ముందుకు వెళ్దామా అంది. దారి దొరికింది. అవునండీ అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి మైకు దగ్గరకు వంగాను కూడా.

నర్సయ్య సారుకు ఇంగ్లీషు మాట్లాడటం తడబాటే గానీ వింటే అర్థమవుతుంది. ఆయన చేతిలో కర్రతోనే తలుపు దగ్గర నుంచి నడిచి కెమెరా ముందుకు వచ్చారు.

"అది కాదు మేడం. వీళ్ళు ఇబ్బందితోని నవ్వలే, నన్ను చూసి నవ్విండ్రు. ఇక్కడ నా పేరు అదే. గట్లనే చెప్పండి ఆమెకు."

చెప్పాను. ఇలోనా గారు కళ్ళజోడు పెట్టుకుని ఆయనను చాలాసేపు చూశారు. ఏం చేస్తే మీకు ఆ పేరు వచ్చింది అని అడిగారు. ఆయన దాచలేదు. తెల్లారకముందే లేపుతానని, పొద్దున, సాయంత్రం వరుసలో నిలబెట్టి లెక్క పెడతానని చెప్పారు.

మమ్మల్నీ లెక్క పెట్టేవారు అన్నారామె. లెక్క తప్పితే అది తేలేదాకా అందరినీ మంచులో నిలబెట్టేవారట. మీ లెక్కలో ఒకరు తక్కువైతే మీరేం చేస్తారు అని అడిగారు.

"మిగిలినోళ్ళను అన్నానికి పంపి, నేను బండేసుకొని ఎతకడానికి పోత."

దొరికాక? అన్నారామె.

పిల్లలందరూ ఆయననే చూస్తున్నారు. ఆ జవాబు వాళ్ళలో కొందరి వీపులకు తెలుసు.

"కొడత," అన్నారు.

మందలిస్తారని చెప్పడానికి ఇంగ్లీషులో మెత్తని మాట ఒకటి నా నాలుక మీదికి వచ్చింది. కెమెరా ముందుకు వచ్చి నిలబడ్డ మనిషిని నేను వెనక నుంచి కప్పిపెట్టడం న్యాయం కాదనిపించింది. ఆయన అన్నదే చెప్పాను.

ఇలోనా గారి జవాబు నేను అనువదించినట్టే రాస్తున్నాను. "మా దగ్గర లెక్క సరిపోతే చాలు. రాత్రి చనిపోయినవాళ్ళను కూడా మోసుకొచ్చి వరుస పక్కన పడుకోబెట్టి లెక్కలో కలిపేవారు. మీరు బతికున్నవాడి కోసం వెతుకుతున్నారు. అందుకని మీరు హిట్లర్ కాదు. కానీ కర్ర చేతిలో పెట్టుకుని ఆ పేరు నాది కాదని చెప్పడం కష్టం."

నర్సయ్య సారు తలూపి, వెళ్ళి మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డారు. తర్వాత ముందే పంపిన ప్రశ్నలు వరుసగా నడిచాయి. ఎవరూ నవ్వలేదు. నేను పైకి పంపిన రిపోర్టులో కార్యక్రమం విజయవంతం అని రాశాను. అలాంటి రిపోర్టుల్లో వేరే మాట ఉండదు.

మర్నాడు ఆయన స్టాఫ్ రూములో నా పదో తరగతి పుస్తకం అడిగి తీసుకున్నారు. అందులో ఆ విషయం కొన్ని లైన్లే ఉంది. ఇంతేనా మేడం అని అడిగారు. ఇంతే సార్ అన్నాను. మరుసటి వారం భద్రాచలం వెళ్ళి నెట్ సెంటరులో కాగితాలు ప్రింటు తీయించుకుని వచ్చారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవారు, అర్థం కాని చోట నన్ను పిలిచేవారు. ఆయన కొట్టడం పూర్తిగా మానేశారని రాస్తే అబద్ధమవుతుంది. బాగా తగ్గింది. కొట్టిన రోజు ఆయన అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

పేరు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. పాత పిల్లలు మానేసినా, కొత్త పిల్లలు అన్నల నోట విని వచ్చేవారు. జూన్‌లో అడ్మిషన్ల రోజు పినపాక నుంచి వచ్చిన ఒక తండ్రి కొడుకును ముందుకు తోసి, హిట్లర్ సారంటే మీరే కదా, మావోడిని మీ చేతుల పెడుతున్న అన్నాడు. పక్క టేబులు దగ్గర సర్టిఫికెట్లు చూస్తూ నేను ఆగిపోయాను.

నర్సయ్య సారు ఆ తండ్రికి కుర్చీ చూపించారు. "నా పేరు నర్సయ్య. నువ్వు చెప్పిన పేరు ఎవరిదో తెలుసా? కూసో, చెప్త."

బస్సు ఉందని తండ్రి గొణిగాడు. ఇంకో బస్సు ఉందన్నారు సారు. తండ్రి కూర్చున్నాడు, కొడుకు నిలబడి విన్నాడు. ఆ రోజు ఆ పేరుతో పలకరించిన ప్రతి ఒక్కరితోనూ ఇదే జరిగింది; అడ్మిషన్లు సాయంత్రం దాకా సాగాయి. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ప్రతి జూన్‌లోనూ సాగాయి.

నేను ఆ పాఠాన్ని సర్వీసంతా ఐరోపా పటం వేలాడదీసి మొదలుపెట్టాను. మొదలుపెట్టాల్సింది పిల్లల నోట్లో అప్పటికే నలుగుతున్న మాట దగ్గర. ఆ మాటను మా బడిలో వెనక్కి తీసుకోగలిగింది చరిత్ర టీచరు కాదు, దాన్ని మోసిన లెక్కల టీచరు.