కొంగు దులిపే షరీఫాబీ

సాయంత్రం నాలుగు గంటలకు అంగన్‌వాడీ తలుపుకు తాళం వేశాక షరీఫాబీ ఒక పని చేస్తుంది. మెట్లు దిగి, వీధిలో నలుగురికీ కనబడేచోట నిలబడి, చీర కొంగు విప్పి రెండుసార్లు దులుపుతుంది. ఒక్క గింజ రాలదు. ఆ తర్వాత ఖాళీ చేతులు రెండూ ఊపుకుంటూ ఇంటిదారి పడుతుంది. ఎండయినా వానయినా ఈ దులపడం తప్పదు. వాన సంగతి దేవుడెరుగు, ఆ ఊళ్లో ఎండయినా అంటే చాలు. కొత్తగా వచ్చినవాళ్లు చూసి ఈమెకేదో మొక్కు ఉందనుకుంటారు.

మొక్కేమీ లేదు. దాని వెనక ఒక మాట ఉంది, అంతే.

పదకొండేళ్ల కిందట, మొగుడు పోయిన ఏడాదిలోపే, ఆమెకు ఈ ఆయా పని దొరికింది. పిల్లలకు వండిపెట్టడం, గిన్నెలు తోమడం, ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడం. చేరిన మొదటి నెలలోనే ఒకరోజు తన సద్దిగిన్నె చంకన పెట్టుకుని ఇంటికి పోతుంటే, అరుగు మీద కూర్చున్న మారెక్క కేకేసింది. మారెక్క నోటికి ఊళ్లో ఎదురులేదు.

"ఏమ్మే షరీఫా, పిల్లోళ్ల గుడ్లు గిన్నెలో పెట్టుకోని పోతాండావా? మూత తియ్యి, చూద్దాం."

అరుగు మీద పదిమంది ఉన్నారు. షరీఫాబీ మూత తీసింది. లోపల పొద్దున తినగా మిగిలిన సగం సంగటిముద్ద, ఒక పచ్చిమిరపకాయ ఉన్నాయి. అందరూ నవ్వారు. "ఊరికే అంటిలే మ్మే" అని మారెక్క కూడా నవ్వింది. నవ్వి ఎవరిదారిన వాళ్లు పోయారు. షరీఫాబీ మాత్రం ఆ అరుగు ముందరి నుంచి ఇప్పటిదాకా పోలేదు. మర్నాటి నుంచి గిన్నె తేవడం మానేసింది. కేంద్రంలో మెతుకు ముట్టడం మానేసింది. పొద్దున ఇంట్లో తిన్నదే తినడం, మళ్లీ సాయంత్రం ఇంటికి పోయాకే. కొంగు దులపడం అప్పుడు మొదలైంది.

మాట పడ్డచోటనే పేరూ వచ్చింది. "ఆ కేంద్రంలో గుడ్డు గల్లంతు కాదు" అని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకున్నారు. ఒకసారి బత్తలపల్లెలో అంగన్‌వాడీల మీటింగులో పెద్దమేడం ఆమెను లేపి నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. ఆ రోజు ఆటో దిగి నడిచిన నడక చూడాలి, జానెడు ఎత్తు పెరిగింది మనిషి. ఒంటికి పట్టని కొవ్వు మంచితనానికి పడుతుందంటే నమ్మండి. షరీఫాబీకి పట్టింది.

అప్పటినుంచి ఇంటింటికీ తిరిగి బోధ చెయ్యడం కూడా ఆమే. టీచరు జయంతి బత్తలపల్లె నుంచి వచ్చి పోయే మనిషి. ఇళ్లల్లో అత్తల పెత్తనం సంగతి ఆమెకంటే షరీఫాబీకే తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లకు సరుకులు ఇంటికిస్తే ఇంటిల్లిపాదీ పంచుకుంటారని, మధ్యాహ్నం కేంద్రంలోనే కూర్చోబెట్టి అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, గ్లాసు పాలు తినిపించమని పైనుంచి ఉత్తర్వు. కానీ కోడలు పట్టపగలు బయట కూర్చుని తింటే ఇంట్లో కూటికి లేదనుకుంటారని అత్తలు పంపరు. షరీఫాబీ వాళ్ల గడపల్లో నిలబడి కడిగేసేది.

"కోడలు మనిషి కాదా మ్మే? ముందు కడుపుతో ఉండే పిల్ల తినాల, మొగోళ్లు తర్వాత. పరువు పరువంటే పరువు పాలిస్తాదా బిడ్డకు?"

ఇంత చెప్పిన మనిషి ఇంట్లోకి రెండేళ్ల కిందట కోడలు వచ్చింది. కొడుకు మీరావలి మోపెడ్ మీద పరుపులూ దిండ్లూ కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. కోడలు నాజియాది గుమ్మఘట్ట. అరమాట తెలుగు, అరమాట కన్నడం. సాయంత్రం అత్త పని నుంచి వచ్చి ఇంట్లో కాలు పెట్టగానే "ఊట ఆయ్తా అత్తా?" అని అడిగేది. షరీఫాబీకి ఆ పలకరింపంటే ప్రాణం. పొద్దుట్నుంచీ తిన్నావా అని అడిగిన మనిషి ఆ ఊళ్లో ఆ పిల్ల ఒక్కతే.

నాజియాకు మూడో నెల రాగానే జయంతి పేరు రాసుకుంది.

"షరీఫక్కా, రేపట్నుంచి కోడల్ని మధ్యాన్నం పంపు."

"వద్దు టీచరమ్మా. నా కోడల్ని ఈడ కూచోబెట్టి నా చేత్తో వడ్డిస్తే ఊరేమంటాది? ఆయమ్మ ఇంటోళ్లను మేపుకుంటాండాదని అనదా?"

"అది ఆ పిల్లకు రావాల్సింది కదక్కా. నువ్వు ఇచ్చేదేముండాది ఇందులో?"

"రావాల్సిందే. అయినా వద్దు. ఇంట్లో నేను చూసుకుంటా. మాకేం తక్కువ?"

జయంతి మరో రెండుసార్లు అడిగింది, మూడోసారి ఊరుకుంది. అంత నిఖార్సయిన మనిషిని ఎవరు మాత్రం ఎంతకని కాదంటారు?

మాకేం తక్కువ అంటే, అన్నీ తక్కువే. కౌలుకు వేసిన చెనిక్కాయ పంట రెండేళ్లుగా ఎండిపోయింది. పాలు టీలోకి వచ్చేంతే. రోజూ సంగటి, ఊరిబిండి పచ్చడే. సాయంత్రం ఆకలితో వచ్చిన అత్తకు నాజియా ముందు వడ్డించేది. తర్వాత మొగుడికి. గిన్నె అడుగున ఏం మిగిలిందో షరీఫాబీ ఒక్కరోజూ తొంగి చూడలేదు. తాను పొద్దంతా పస్తుండి వచ్చానన్న గర్వం ఆమె కళ్లకు అడ్డం. ఊరంతా తిరిగి చెప్పిన మాట సొంత గడప దాటి లోపలికి రాలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టంటే ఇదే.

అత్త తింటున్నంతసేపూ నాజియా ఎదురుగా కూర్చుని అడిగేది.

"ఈ పొద్దు ఏం చేసినావత్తా ఆడ?"

"పాలకూర పప్పు. గుడ్డు. మారెక్క కోడలు అరుణజ్యోతి ఉండాదే, రెండుసార్లు పప్పేయించుకునింది."

"గుడ్డు ఉడకేసిందా, కూర చేసిందా?"

"ఉడకేసిందే."

నాజియా నవ్వి పొయ్యి దగ్గరికి పోయేది. కడుపులో బిడ్డతో ఆ పిల్ల ఎన్ని సాయంత్రాలు అలా చెవులతో గుడ్లు తిన్నదో లెక్కలేదు. అత్త కబుర్లంటే ముచ్చట కాబోలు అనుకుంది షరీఫాబీ. ఆ మాట తలచుకుంటే ఈరోజుకీ ఆమెకు ఒళ్లు చచ్చిపోతుంది.

మారెక్క కోడలిదీ అవే నెలలు. ఆమెకు మాత్రం షరీఫాబీ గంటె నిండా వేసి, పక్కన నిలబడి, "తిను తల్లీ, రెండు పానాలు" అని బతిమాలి తినిపించేది. నేనెలాంటిదాన్నో మారెక్క చూడాలని. ఒకరోజు అరుణజ్యోతి రాక ఒక గుడ్డు మిగిలిపోయింది. "నాజియాకు తీసుకపో అక్కా, నేను చెప్తాండా కదా" అంది జయంతి. షరీఫాబీ ఆ గుడ్డును నాలుగు ముక్కలు చేసి పిల్లల పళ్లాల్లో వేసి, ఆ సాయంత్రం కొంగు మూడుసార్లు దులిపింది.

ఏడో నెలలో నర్సమ్మ రక్తపరీక్షలకు వచ్చింది. అంతకుముందు రెండుసార్లు నాజియా పుట్టింటికి పోయి పరీక్ష తప్పింది. ఈసారి కేంద్రం నిండా ఆడవాళ్లు. అరుణజ్యోతి వేలికి సూది గుచ్చి చూసి, "రక్తం పదకొండు, బాగుంది" అంది నర్సమ్మ. మారెక్క మురిసిపోయింది. తర్వాత నాజియా. నర్సమ్మ మిషన్ రెండుసార్లు చూసింది. ఇంకో వేలికి గుచ్చింది. కంటిరెప్ప కిందికి లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఆరు. ఆరేమిటమ్మా? నడుస్తా ఎట్లొచ్చినావు నువ్వు? ఎవరింటి కోడలు ఈ పిల్ల?"

జయంతి తల దించుకుంది.

"మా ఇంటి పిల్లే" అంది షరీఫాబీ.

"నువ్వు ఆయమ్మవు కదా? మరి ఈ పిల్ల ఈడ తినడంలేదా?"

షరీఫాబీ నోరు తెరిచింది. అంతలో నాజియా అందుకుంది.

"నాకే సయించదు సిస్టర్. అత్త రోజూ రమ్మంటాది. గుడ్డు వాసనకు వాంతి అయితాది, నేనే రాను."

నర్సమ్మ ఆ పిల్లను పట్టుకుని కడిగేసింది. బుద్ధి లేదా, బిడ్డ ఏమైపోతుందనుకున్నావు, ఇంట్లో ఆయమ్మను పెట్టుకుని ఈ రోగమేంటి అని. నాజియా తల వంచుకుని అన్నీ పడింది. షరీఫాబీ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. "ఆ పిల్ల తప్పు లేదు, నేనే రానీలేదు" అంటే చాలు. అనలేదు. చుట్టూ ఊరంతా ఉంది, ఎదురుగా మారెక్క ఉంది, పదకొండేళ్ల పేరు గొంతుకు అడ్డం పడింది. తిండి పెట్టకపోవడం తెలియక చేసింది అనుకోవచ్చు. ఈ నోరు మూసుకోవడం మాత్రం తెలిసే చేసింది.

ఆ మధ్యాహ్నమే నాజియాను అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. ఎవరిదో రక్తం చుక్క చుక్కగా ఎక్కుతోంది. బిడ్డ ఉండాల్సినంత లేదని, ఇలాగే కాన్పుకు వచ్చివుంటే తల్లి చేతికి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. "ఇంట్లో ఏం తింటాది?" అని ఆమె అడిగితే మీరావలి అమ్మ వైపు చూశాడు. అక్కడా షరీఫాబీ నోరు విప్పలేదు. నాజియా గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

మూడోరోజు మారెక్క బస్సెక్కి వచ్చింది. సంచిలోంచి స్టీలు గిన్నె తీసి మంచం పక్కన పెట్టి మూత తీసింది. ఉడికించి వలిచిన గుడ్లు నాలుగు.

"వాసన పడదంటివంట. మిరియాల పొడి జల్లినా, కండ్లు మూసుకోని తినేయ్ బిడ్డా."

షరీఫాబీ ఆ తెరిచిన గిన్నె వైపు చూసింది. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"ఆ పిల్లకు వాసన పడకపోవడం అబద్ధం మారెక్కా. నేనే పంపలేదు. నీకు భయపడి పంపలేదు. ఆ పొద్దు నా గిన్నె మూత తీయిస్తివి కదా నడివీధిలో. మళ్లీ ఎవరూ నన్ను దొంగ అనకూడదని దాని నోటికాడి కూడు ఊరికి పెడితి. మొన్న నర్సమ్మ ముందర కూడా దాన్నే తిట్లు తిననిస్తి."

మీరావలి తలుపు దగ్గర కొయ్యబారిపోయాడు. మారెక్క నొసలు ముడిచి చూసింది.

"ఏ గిన్నె మ్మే? నేనెప్పుడు తీయిస్తిని?"

"పదకొండేండ్లాయ. నీ అరుగు ముందర."

మారెక్క కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "నాకు జ్ఞాపకమే లేదు షరీఫా. అనింటే అనింటాలే, ఈ నోరు రోజుకు పదిమందిని అంటాది. అంటే నా మొగాన ఊంచాల గానీ, కడుపుతో ఉండే పిల్లను ఎండబెడతారా ఎవరన్నా?"

తిట్టినా బాగుండేది. పదకొండేళ్లు ఎవరి కళ్లకు జడిసి కొంగు దులిపిందో, ఆ కళ్లు అసలు చూడనే లేదు. మంచం మీద నాజియా మెల్లగా అంది, "అత్తను ఏమనద్దు పెద్దమ్మా." షరీఫాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వారానికి నాజియాను ఇంటికి పంపారు. కాన్పయ్యేదాకా ఎక్కువ నడవకూడదన్నారు. అందుకని ఆ పిల్ల భోజనం ఇంటికే చేర్చమని జయంతి పైవాళ్లను అడిగి అనుమతి తెచ్చింది. మర్నాడు మధ్యాహ్నం షరీఫాబీ అన్నం, పప్పు, పైన గుడ్డు పెట్టిన గిన్నె ఒక చేతిలో, పాలగ్లాసు ఇంకో చేతిలో పట్టుకుని కేంద్రం మెట్లు దిగింది. కొంగు దులపలేదు. గిన్నెకు మూత కావాలనే పెట్టలేదు. నడివీధిలో, మిట్టమధ్యాహ్నం, అందరికీ కనబడేలా నడిచింది. ఎవరైనా ఆపాలని, ఏం తీసుకపోతాండావని అడగాలని ఆమెకు గట్టిగా ఉంది. అడిగితే చెప్పేదానికి సమాధానం కూడా సిద్ధం చేసుకుంది. మారెక్క అరుగు ముందు అడుగులు నెమ్మదించాయి.

మారెక్క చెనిక్కాయలు వలుస్తోంది. తల ఎత్తి గిన్నె వైపు కూడా చూడలేదు.

"ఎండలో నిలబడతావేం మ్మే? పిల్లకు ఆకలైతాంటాది, పో."

వీధి చివరిదాకా ఎవరూ అడగలేదు.

ఇంట్లో నాజియా లేచి కూర్చుంది. గిన్నె చూసింది. గుడ్డు చూసి ఆ పిల్ల గొంతు కదలడం షరీఫాబీ చూసింది. ఆ వెంటనే నాజియా కళ్లు వీధివాకిలి వైపు పోయాయి.

"మూత పెట్టకపోతివేంటికత్తా? ఎవరన్నా చూసింటే నీకు మాటొస్తాది."

"రానీలే. నువ్వు తిను బిడ్డా."

నాజియా గిన్నె ఒళ్లో పెట్టుకుంది. ముద్ద కలిపింది. వాకిలి వైపు చూసింది. కలిపిన ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసింది. వీధిలో ఎవరిదో చెప్పుల చప్పుడు వినబడితే గుడ్డు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరూ ఏమనరు, తినుమ్మా" అంది షరీఫాబీ. ఒకసారి కాదు, నాలుగుసార్లు అంది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆ పిల్ల ముద్ద ఎత్తలేదు. పప్పన్నం చల్లారిపోతుంటే చూసి చూసి, చివరికి షరీఫాబీయే లేచి తలుపు మూసి గడియ పెట్టింది.