ఏడు దుప్పట్ల దూరం

నేను చేసింది వెధవ పని. ముందే ఒప్పేసుకుంటే మిగతాది హాయిగా రాసుకోవచ్చు. మా మేనత్త సముద్రపొడ్డున తాబేలు గుడ్ల చుట్టూ పాతిన నాలుగు పుల్లల్నీ ఒక సాయంత్రం పీకి, పదిహేను అడుగులు పక్కకి జరిపి, మళ్లీ అంతే శ్రద్ధగా పాతాను. ఎందుకంటే ఆవిడ రోజూ పొద్దున్నే అక్కడ మోకాళ్ల మీద కూర్చుని గుడ్లకి కబుర్లు చెబుతుంది. ఉత్త ఇసుకతో మాట్లాడుతుంటే చూసి నవ్వుకుందామని నా సరదా.

అత్త ఒడ్డు మీది హోటల్లో బట్టలుతికే గదిలో పనిచేస్తుంది. అదే హోటల్లో నేను వచ్చినవాళ్ల పెట్టెలు మోస్తాను. అత్త గదిలోకి వెళితే మనిషి కనబడదు, అంతా ఆవిరే. ఆ మబ్బులోంచి ఒక చెయ్యి వచ్చి దుప్పటి కొస అందిస్తుంది. అవతలి కొస సరిగ్గా పట్టుకోకపోతే అదే మబ్బులోంచి తిట్టు వస్తుంది.

హోటల్ తెరిచిన ఏడాది, తెల్లవారుజామున అత్త తలుపు తీసేసరికి గడప ముందు వేలెడంత తాబేలు పిల్లలు పాకుతున్నాయట. వెలుగున్న వైపే సముద్రమని నమ్మి, గది బయటున్న ట్యూబ్‌లైటు కోసం అంత దూరం నడిచొచ్చాయి పాపం. అత్త వాటిని దిండు గలేబులో వేసుకుని నీళ్లదాకా దిగబెట్టి, తిరిగొచ్చి ట్యూబ్‌లైటు పీకేసింది. మేనేజర్ అడిగితే "కాలిపోయిందండీ" అంది. అయిదేళ్లయింది, ప్రతి గుడ్ల కాలంలోనూ అది కాలిపోతూనే ఉంది.

ఒడ్డంతా కుర్చీలూ గొడుగులూ వేయడం మొదలయ్యాక మేనేజర్ ఒకే ఒక్క మాటకి ఒప్పుకున్నాడు. పుల్లలున్న చోటు వదిలేస్తారు. మిగతా ఇసుకంతా రోజూ పొద్దున్నే ట్రాక్టర్ దువ్వెన్లా గీసుకుంటూ నున్నగా చేసేస్తుంది. కాబట్టి ఆ నాలుగు పుల్లలే గుడ్లకి ప్రాణం. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే జరిపాను. నవ్వొచ్చేటప్పుడు నా బుర్ర సెలవు పెడుతుంది.

మర్నాడు పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే సముద్రం చప్పుడుగా మాత్రమే మిగిలింది. మడిచిన గొడుగుల వెనక నక్కి చూస్తున్నాను. అత్త పుల్లల మధ్య కూర్చుని మొదలెట్టింది.

"రెండో అంతస్తు పెద్దాయన మళ్లీ దుప్పటి మీద కాఫీ ఒలకబోశాడర్రా. నాకు కనబడకూడదని పైన దిండు పెట్టాడు. మీరు పెద్దయ్యాక ఇలాంటివి చెయ్యకండి."

నేను నోరు నొక్కుకుని నవ్వుతూనే ఉన్నాను. ఇంతలో మంచులోంచి ట్రాక్టర్ చప్పుడు వినబడింది. అసలు గుడ్లేమో పుల్లల బయట ఉన్నాయి. కాళ్లు వాటంతటవే అత్త దగ్గరికి పరిగెత్తాయి.

"అత్తా, గుడ్లు ఇక్కడ లేవు."

"తినేశావా?"

"పుల్లలు జరిపాను."

"ఎటు నుంచి?"

అటు చూశాను, ఇటు చూశాను. రాత్రి గాలికి ఇసుకంతా ఒకే తీరుగా ఉంది. అత్త కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, అందుకే ఎక్కువ భయమేసింది.

"నలభై ఎనిమిది రోజులైందిరా," అంది మెల్లగా. "ఇవాళో రేపో పైకొస్తాయి. వెళ్లి ఉతికిన దుప్పట్ల బండి తోసుకురా. ఒక్కటి కూడా మిగల్చకు."

ఇద్దరం పరిచాం. తెల్ల దుప్పటి పక్కన తెల్ల దుప్పటి, వాటి మీద తెల్లటి మంచు. ఎక్కడ ఒడ్డు అయిపోయి ఎక్కడ నురుగు మొదలైందో తెలియలేదు. ప్రపంచం ఇంకా పక్క మీంచి లేవలేదన్నట్టుంది. ట్రాక్టర్ మొదటి దుప్పటి అంచు దగ్గర ఆగింది.

"ఏంటక్కా ఇది?" అన్నాడు డ్రైవర్.

"బట్టలారేశాను."

"మంచులోనా?"

"నీకెందుకు? తొక్కించు. టైరు మరకలు మేనేజర్‌కి నువ్వే చూపించుకో."

అతను ఇంజను ఆపేసి, "పది నిమిషాలే అక్కా. ఆయన లేచాడంటే నా పని అయిపోతుంది," అన్నాడు.

అత్త దగ్గర టేపు లేదు. ఆవిడ కొలతలన్నీ దుప్పట్లలోనే. హోటల్ గోడకున్న నీళ్లగొట్టం నుంచి సూటిగా సముద్రం వైపు ఏడు దుప్పట్లు, అంతే ఆ గుడ్ల దూరం. ఏడూ కొలిచి ఆగింది. బట్టని వేళ్లతో నలిపి చూసింది.

"గుడ్లు పెట్టిననాడు కొలిచినప్పుడివి కొత్తవి. ఇన్ని ఉతుకులకి కురచయ్యాయి," అని, చివర్న రెండు గలేబులు కూడా పరిచింది. ఆ పైన బోర్లా పడుకుని, చెంప ఇసుకకి ఆనించి, కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతూ పోయింది. డ్రైవర్, నేను ఊపిరి బిగబట్టి చూశాం.

"ఇదిగో," అంది.

నిద్రలేచాక దిండు మీద తల అచ్చు మిగిలినట్టు, ఇసుకలో చిన్న పల్లం. నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది. అరచేతి కింద ఇసుక, కలలో ఎవరో పక్కకి ఒత్తిగిల్లినట్టు, కొంచెం కదిలింది.

పుల్లలు అక్కడ పాతాం. డ్రైవర్ కూడా దిగొచ్చి దుప్పట్లు మడిచాడు. మంచు పలచబడుతుంటే పైన బాల్కనీలో ఒకాయన ఇదంతా హోటల్ వాళ్ల అలంకరణ అనుకుని ఫొటోలు తీసుకున్నాడు. ఆ దుప్పట్లన్నీ మళ్లీ ఉతికింది ఎవరో చెప్పనక్కర్లేదు. నా వేళ్లు నాలుగు రోజులు ముడతలు పడే ఉన్నాయి.

మూడో రోజు, వెలుగు ఇంకా బూడిదరంగులో ఉండగా ఇసుక ఉడికినట్టు పొంగింది. ఒకదాని వీపు మీంచి ఒకటి పాకుతూ పిల్లలు బయటికొచ్చాయి. అల వచ్చి ముందువాటిని మెత్తగా ఎత్తుకుపోయింది. అత్త తడి కొంగుతో అలాగే నిలబడింది. నేనే నోరు తెరిచాను.

"వీటిలో వెయ్యికి ఒక్కటి బతికితే గొప్పట కదత్తా. దానికోసం ఇంత హడావిడా?"

అత్త నీళ్ల మీంచి కళ్లు తిప్పలేదు.

"అందుకేరా తాబేలు వందేసి గుడ్లు పెట్టేది. మా వదినే, ఏం చూసుకుని ధైర్యమో, నీ ఒక్కడితో ఆపేసింది."