అప్పన్న బావ నా కోసం చెప్పిన అబద్ధం

నిన్న పొద్దున మా లాబ్ గ్రూప్‌లో అప్పన్న బావ ఫొటో వచ్చింది. రోజూ గుడ్‌మార్నింగ్‌లు పెట్టే మనిషే కదా అని సరిగ్గా చూడకుండా వదిలేశాను.

పది నిమిషాలకి ఫోన్ వచ్చింది. హార్ట్ ఎటాక్. నిద్రలోనే పోయాడట.

మొన్న శనివారమే మాట్లాడాను. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అప్పన్న బావ దువ్వాడ దగ్గర మా తారు టెస్టింగ్ లాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా అందరికీ బావే, తనకీ అందరూ బావలే. ఓసారి నోరుజారి మేనేజర్ గారిని కూడా బావా అనేశాడు.

మొదటిరోజు నేను మధురవాడ నుంచి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో దిగితే, ఎగాదిగా చూసి "పెళ్ళిసూపులకొచ్చినావేటి బావా?" అన్నాడు. సాయంత్రానికి ఆ చొక్కా దేనికీ పనికిరాలేదు. మర్నాడు తన పాత ఖాకీ చొక్కా ఒకటి ఉతికి తెచ్చిచ్చాడు.

మా పని ఏంటంటే, రోడ్డుకి వాడే తారుని రూపాయి బిళ్ళంత తీసి, మెషీన్లో రెండు ప్లేట్ల మధ్య పెట్టి, వేడి చేసి అటూ ఇటూ తిప్పుతాం. మరీ మెత్తబడితే ఫెయిల్. అలాంటి తారుతో రోడ్డేస్తే ఎండాకాలం పోర్టు ట్రైలర్ల చక్రాల కింద గాడి పడిపోతుంది. వానొస్తే ఆ గాడి నిండా నీళ్ళు. బైక్ వాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

శాంపిల్ డబ్బా ఓవెన్‌లో పెట్టిన టైమ్ ఓవెన్ తలుపు మీద సుద్దముక్కతో రాయాలి. అది బావ పెట్టిన రూల్. కంప్యూటర్ ఉండగా ఇదేం చాదస్తం అని నవ్వుకునేవాణ్ణి.

నేను చేరిన మూడో నెల. ఇంకా ప్రొబేషన్. ఓ ట్యాంకర్ శాంపిల్ ఓవెన్‌లో పెట్టి, టైమ్ రాసి, ఫ్రెండ్ బర్త్‌డే అని గాజువాకలో బిర్యానీకి వెళ్ళిపోయాను. వచ్చేసరికి మూడు దాటింది. గబగబా టెస్ట్ చేశాను. బ్రహ్మాండంగా పాస్. సంతకం పెట్టి రిపోర్ట్ పంపేశాను.

సాయంత్రం బావ ఓవెన్ తలుపు చూశాడు.

"పన్నెండుకి ఎట్టినావు. ఎప్పుడు తీసినావు బావా?"

తారు ఎక్కువసేపు కాగితే గట్టిపడిపోతుంది. నేను పాస్ చేసింది ఓవెన్‌లో నేనే మాడ్చేసిన తారుని. ట్యాంకర్లో ఉన్నది వేరు.

బావ అదే ట్యాంకర్ శాంపిల్ ఇంకో డబ్బా కరిగించి నాచేత మళ్ళీ టెస్ట్ చేయించాడు.

ఫెయిల్.

అప్పుడు నేనన్న మాటకి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఎవరికి తెలుస్తుంది బావా, వదిలేద్దాం. నా ఉద్యోగం పోద్ది" అన్నాను.

కోప్పడలేదు. "ఆ రోడ్డు మీద తిరిగేది మనోలే బావా. రా, ఎల్దాం" అని చెయ్యి పట్టుకుని మేనేజర్ రూమ్‌కి తీసుకెళ్ళాడు.

లోపల బావే చెప్పాడు.

"సార్, మనోడు తప్పు సేసినాడు. మళ్ళా తనే పట్టుకుని, తనే ఇంకో టెస్ట్ సేసి, రిపోర్ట్ ఎనక్కి తీసుకుంటానని ఒచ్చినాడు."

మేనేజర్ గారు బాగా తిట్టారు. తర్వాత భుజం తట్టారు. ట్యాంకర్ వెనక్కిపోయింది. నా ఉద్యోగం నిలబడింది.

అప్పట్నుంచి మా లాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నా గురించే చెప్తారు, తన రిపోర్ట్ తనే వెనక్కి తీసుకున్న మనిషి అని. నేనూ కాదనకుండా వింటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ.

నిన్న బావ ఇంటికెళ్తే కూతురు నన్ను చూసి బావురుమంది.

"నాన్న మీ గురించే సెప్పీవోడు అన్నయ్యా. మీలాగ నిజాయితీగా ఉండాలని మాకు సెప్పీవోడు."

అంటే ఇంట్లో కూడా అసలు సంగతి చెప్పలేదు.

అంతమందిలో నిజం చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చెల్లెమ్మా, నువ్వు కూడా చదువు.

ఆ రోజు తప్పు పట్టుకున్నది మీ నాన్న. నన్ను లాక్కెళ్ళింది మీ నాన్న. దాచేద్దామన్నది నేను.

వెళ్ళిరా బావా. ఎక్కడున్నా నీ ఆత్మ చల్లగా ఉండాలి.

ఈ ఒక్కసారికి నీ మాట కాదన్నాను. ఏమీ అనుకోకు.