వల చిరుగులోంచి పోయిన గోలు

ఏళ్ళ తరబడి ఒక గోలుని గుండెల మీద మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దింపేస్తున్నాను. జాలిపడమని కాదు. జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు నేనొక ఫుట్‌బాల్ జట్టుకి మేనేజర్ని. అంతకుముందు గోల్‌కీపర్ని. రెండూ చదువుకునే రోజుల్లో రాజోలులో ఆడిన ఒక్క మ్యాచ్ వల్లే దక్కాయి. కాకినాడ నుంచి పెద్ద జట్టువాళ్ళు చూడ్డానికొచ్చారు. బాగా ఆడిన ఒక్కణ్ణే తీసుకుంటామన్నారు. గోలుపోస్టుకి మా నాన్న చేపల వల తెచ్చి నేనే కట్టాను. పాతది, ఒకచోట చిరిగింది.

ఆట చివర్లో సఖినేటిపల్లి సత్తిబాబు గట్టిగా కొట్టాడు. దూకాను. అందలేదు. బంతి గోలులోకొచ్చి, చిరుగులోంచి దూరి, వెనక కొబ్బరితోటలో పడింది. నేను లేచి ఆ చిరుగుకి వీపు ఆనించి నిలబడ్డాను. రిఫరీ మా మేస్టారు. దూరంగా ఉన్నారేమో, ఆయనకి సరిగా కనబడలేదు. నా దగ్గరికే వచ్చారు.

"ఏరా, లోపలికెళ్ళిందా?"

"లేదండీ. పోస్టు పక్కనుంచి పోయిందండీ."

"అమ్మతోడు, లోపలికే వెళ్ళిందండీ!" అని సత్తిబాబు అరిచాడు.

మేస్టారు నన్నే చూశారు. "నిజమేనా?"

"ఆయ్."

నామీద ఆయనకి అంత నమ్మకం. అందరూ వెళ్ళాక ఆ చిరుగుని ముడులేసి అల్లేశాను. వలలల్లే ఇంట్లో పుట్టినవాణ్ణి, అతుకు ఎవరికీ తెలియలేదు. కాకినాడకి నేను వెళ్ళాను.

భయపడి అన్నానా? కాదు. చిన్నతనం, తెలియక అన్నాడులే అని మీరు సర్దిచెప్పకండి, అన్నీ తెలుసు, సత్తిబాబు నాకంటే బాగా ఆడతాడని కూడా తెలుసు, అందుకే చేతులతో ఆపలేనిది నోటితో ఆపాను. ఆ తర్వాత ఆపిన ప్రతి బంతీ మాత్రం నా కష్టమే. ఒక్క కప్పూ తిరిగివ్వను. మళ్ళీ ఆ పూటే వస్తే నిజం చెబుతానా? ఏమో. చెప్పననే అనుకుంటాను.

సత్తిబాబు ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో, జనాన్ని గోదారి దాటించే పంటు మీద తాళ్ళు కడుతున్నాడు. నర్సాపురం వెళ్ళేటప్పుడల్లా కనబడతాడు. "బాగున్నారాండీ" అంటాడు. ఆ ఊసే ఎత్తడు. తిట్టి చావొచ్చు కదా!

వచ్చే వారం అమలాపురంలో నాకు సన్మానం. ఆ మ్యాచ్‌లో ఒక్క గోలూ పడనివ్వలేదని మళ్ళీ పొగుడుతారు. శాలువా కప్పించుకుంటాను. ఎందుకు మానాలి? కానీ ఒక గోల్‌కీపర్‌కి నోరు తిరగని మాటొకటుంది, అది మీతో అనేస్తున్నాను.

అది గోలు. సత్తిబాబు కొట్టాడు. నేను ఆపలేకపోయాను.