ఎడమ ఇంజిన్‌కు జబ్బు చేసిన వారం

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనడమంటే నడివీధిలో చెప్పు తెగినంత అవమానం నాకు. ఇరవై రెండేళ్లు, కొత్త బీఎస్సీ, మణుగూరు కాలనీ పక్కన చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం, అదీ టెంపరరీ. ఎవరేం చెప్పినా అర్థమైనట్టు తల ఊపేదాన్ని. తల ఊపడంలో మాత్రం అప్పటికే పర్మనెంటు అయిపోయాను.

ఎనభైల మొదట్లో ఒక వేసవికి ముందు, గుట్ట అవతల చదును చేసిన మట్టి నేల మీద ఒక విమానం దిగింది. భూమిలో ఏమేం ఖనిజాలున్నాయో పైనుంచే కొలిచే సర్వే విమానమట. చిన్నదే, కానీ రెక్కకో ఇంజిన్ చొప్పున రెండు. అది అడవి మీదుగా గుయ్యిమని పోతుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయేవారు, వాళ్ల వెనక నేనూ. మా హెడ్మాస్టరు (ప్యూను ఉన్నా గంట తనే కొట్టుకునేవాడు గనక బెల్లు సారు) నన్ను పిలిచాడు. “టీచరమ్మా, ఆదివారం స్కూలు కమిటీ వస్తది. గా ఇమానం ఎట్ల ఎగురుతదో అరగంట చెప్పు. మంచిగ చెప్తివా, నీ పోస్టు పర్మనెంట్. లేదంటే నీ ఇష్టం” అన్నాడు. పోస్టు పోతే ఎర్రుపాలెం వెళ్లి, మా నాన్న మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతూ కూర్చోవాలి. ఆ ఘాటు, ఆ తుమ్ములు గుర్తొచ్చి వెంటనే తల ఊపాను.

బుధవారం సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని విమానం దగ్గరికి వెళ్లాను. మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. ఖమ్మం మనిషి. వాళ్ల నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడట, ఈయన ఏకంగా విమానం దాకా వచ్చాడు. చెప్పడమంటే మహా ఇష్టం. పైలట్ సీటు ముందు ఆరు పిడులు చూపించాడు. నల్లవి రెండు పవర్‌కు, నీలంవి రెండు ఇంజిన్ల ముందు తిరిగే ఫ్యాన్లకు, ఎర్రవి రెండు గాలిలో పెట్రోలు ఎంత కలవాలో చెప్పడానికి. అవసరమైతే కుడి రెక్కలోని పెట్రోలు ఎడమ ఇంజిన్‌కు కూడా పోతుందట. ప్రతి ముక్కకూ చివర “సమజైందా?” అనేవాడు. “అయింది” అనేదాన్ని. “ఇంజిన్ బంద్ అయితే దాని ఫ్యాన్‌ను ఫెదర్ చెయ్యాలె, సమజైందా?” అన్నాడు. ‘ఇంజిన్ ఆగితే ఈకలు పెట్టాలి’ అని రాసుకున్నాను. (ఏ పక్షివి, ఎక్కడ పెట్టాలి అని అడగలేదు. ఆగిన ఫ్యాను గాలికి అడ్డు పడకుండా దాని రెక్కల్ని అంచువైపు తిప్పడమని తర్వాత తెలిసింది.)

ఆఖర్న ఎడమవైపు చూపించి, “గీ రెంటిల ఎడమ ఇంజిన్ క్రిటికల్. సమజైందా?” అన్నాడు.

ఆ మాట నేనంతకు ముందు ఒక్కచోటే విన్నాను, ఖమ్మం దవాఖానాలో, మా పెద్దమ్మ మంచం పక్కన. అయ్యో పాపం అనుకుంటూ ఎడమ ఇంజిన్ మీద చెయ్యి వేసి చూశాను. ఒళ్లు కాలిపోతోంది. (అప్పుడే దిగి వచ్చిన విమానం, కాలక ఏం చేస్తుంది?) ఇంత జబ్బులో దాన్ని రోజూ ఎట్లా తిప్పుతున్నార్రా బాబూ అనుకుంటూ ఉస్తాద్ వంక జాలిగా చూసి, “అయింది” అన్నాను.

మర్నాడు పొద్దున్నే బెల్లు సారు చెవిన వేశాను. “సార్, మనలో మాట. ఎడమ ఇంజిన్ పరిస్థితి క్రిటికలట.” బెల్లు సారు దగ్గర మనలో మాట అంటే బెల్లు కొట్టినట్టే. మధ్యాహ్నానికి కమిటీ ప్రెసిడెంటు దాకా పోయింది. ఆయన లారీల కాంట్రాక్టరు, మనిషీ లారీ అంతే ఉండేవాడు. ఆదివారం విమానంలో ఒక చక్కరు తిప్పుతానని, దాన్ని నడిపే కెప్టెన్ మాటిస్తే, దానికోసం కొత్త సఫారీ సూటు కుట్టించుకున్నాడు. ‘ఆదివారం నాకు ఒంట్లో బాగుండదు, స్కూలుకు వస్తాను గానీ విమానం ఎక్కను’ అని గురువారమే కబురు పంపాడు.

శుక్రవారం ఉస్తాద్ స్కూలుకు వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు. “నా ఇంజిన్‌కు బీమారని చెప్పిందెవరు? ఇరవై ఏండ్ల సర్వీసు, ఒక్క మాట పడలే! ఏం దాచిపెట్టినవ్ ఉస్తాద్ అని కెప్టెన్ సాబ్ నన్నే అడుగుతుండు!” అన్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. “నువ్వేనా తల్లీ?” అన్నాడు. తల ఊపాను. ఆ వారం మొత్తంలో నిజంగా ఊపింది ఆ ఒక్కసారే. బెల్లు సారు నా వైపు తిరిగి, “ఆదివారం అందరి ముందట నువ్వే సమ్‌జాయించు. లేకుంటే సోమవారం బస్సెక్కు” అన్నాడు.

ఉస్తాద్ నిట్టూర్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. “విను. ఫ్యాన్లు రెండూ ఒక్క దిక్కే తిరుగుతయ్, ఎనక నుంచి చూస్తే గడియారం లెక్క. ముక్కు లేపి పైకెక్కుతున్నప్పుడు కిందికి దిగే ఫ్యాను ఆకు ఎక్కువ గుంజుతది. కుడి ఇంజిన్‌కు ఆ ఆకు బయటి దిక్కు, ఎడమదానికి లోపటి దిక్కు. సమజైందా?”

అలవాటుగా నోరు తెరిచాను. “లేదు” అని వచ్చింది.

ఆయన కోపమంతా దిగిపోయింది. “గీ మాట బుధవారమే అంటే ఏం పోయేది బిడ్డా!” అని నవ్వాడు. కాయితం ఫ్యాన్లు చేశాడు. నాకు ఎదురుగా కూర్చుని చూపిస్తే ఆయన ఎడమ నాకు కుడి అయింది. పక్కకొచ్చి కూర్చుంటే నా ఎడమ ఏదో నేనే మర్చిపోయాను. కిందికి దిగేది పైకి, లోపలిది బయటికి పోయి తల దిమ్మెక్కింది. చివరికి ఆయన లేచి, తను కూర్చున్న బెంచీ వంకే కాసేపు చూసి, దాన్ని వెనక నుంచి నడుమ దగ్గర ఒక తోపు, కొన దగ్గర ఒక తోపు తోశాడు. ఆ బెంచీతో నాకు విషయం వెలిగింది.

ఆదివారం కమిటీ ముందు అదే బెంచీ పెట్టాను. ప్రెసిడెంటును వెనక ఎడమవైపు, నడుమకు దగ్గరగా నిలబెట్టాను. బెల్లు సారును కుడివైపు చిట్టచివర. “ఇద్దరూ ఇంజిన్లు. ప్రెసిడెంటు గారిది లోపలి దిక్కు, మీది బయటి దిక్కు. తొయ్యండి సార్.” ప్రెసిడెంటుది లారీ బలం కాబట్టి బెంచీ దాదాపు తిన్నగానే పోయింది. “ఇప్పుడు కుడి ఇంజిన్ ఆగింది.” బెల్లు సారు చెయ్యి తీశాడు, బెంచీ కొంచెం పక్కకు తిరిగింది, అంతే. మళ్లీ తోయించాను. “ఇప్పుడు ఎడమ ఇంజిన్ ఆగింది.” ప్రెసిడెంటు చేతులెత్తేశాడు. బెల్లు సారు ఊపు మీదున్నాడు, ఆగలేదు. చివర నుంచి తోసిన తోపుకు బెంచీ గిర్రున తిరిగి, దాని ఎడమకొన వెనక్కొచ్చి ప్రెసిడెంటు మోకాలు పగలగొట్టింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మనసులో మిరపకాయలు ఏరడం మొదలుపెట్టాను.

“గిదే!” అని ఉస్తాద్ అరిచాడు. “జబ్బు లేదు గిబ్బు లేదు. ఏది బంద్ అయితే ఎక్కువ ఆగమైతదో, గదే క్రిటికల్!”

ప్రెసిడెంటు మోకాలు పట్టుకుని కళ్లు చికిలించాడు. “అంటే... క్రిటికల్ నేనా?”

“అవ్ సాబ్. మీరు చెయ్యి ఇడిస్తే స్కూలు గిట్లనే గిర్రున తిరుగుతది” అన్నాడు ఉస్తాద్.

ఆ పెద్ద ముఖం మెల్లగా విచ్చుకుంది. కుంటుకుంటూనే వెళ్లి సఫారీ వేసుకొచ్చాడు, విమానం ఎక్కాడు, అడవి మీద చక్కరు కొట్టి దిగాడు. “ఎడమ ఇంజిన్ బేఫికర్ ఉన్నది” అని కెప్టెన్ ఎదుటే ప్రకటించి, బెల్లు సారుతో “టీచరమ్మ పర్మనెంట్ కాయితం పట్టుకరా, సంతకం పెడ్త” అన్నాడు. ఉస్తాద్ ఇంజిన్ తుడుస్తున్నట్టు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆయనకు కడుపునొప్పి వస్తే ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరు బయటికొచ్చి “క్రిటికల్ కేర్‌లో పెట్టాం” అన్నాడో లేదో, మా ఆడపడుచు గొల్లుమంది, మరిది గోడకు ఆనుకుపోయాడు. నేను ఎదురెళ్లి, “నాకు తెలియదు డాక్టరుగారూ, క్రిటికల్ అంటే ఏంటి?” అన్నాను. ఆయన తెల్లబోయాడు. “అయ్యో, ఏం లేదమ్మా. మామూలు వార్డులో మంచాలు లేవు, అందుకని ఆ గదిలో పడుకోబెట్టాం. అజీర్తి అంతే” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

మా ఆడపడుచు ఏడుపు ఆపి నన్ను మింగేసేలా చూసింది, ఇట్లాంటప్పుడు నవ్వేమిటని. ఏం చెప్పను? కాలుతున్న ఇంజిన్ మీద చెయ్యి వేసి జ్వరం చూస్తున్న ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చింది. పాపం, దానికి ఒక్క ముక్కా సమజు కాలేదు.