అత్తమ్మ మోసిన మాటలు

మా అత్తమ్మ పోయింది. ఆ రోజు పొద్దున దేవుడికి దీపం పెట్టి చాయ తీసుకెళ్లేసరికి మంచంలో ప్రాణం లేదు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, దేవుడి పాటలు తప్ప ఏమీ రాసుకోలేదు. దినాలకు వచ్చినవాళ్లంతా "కొడుకు కోసమే బతికిన తల్లి" అన్నారు. ఆ మాట ఒప్పుకోలేకే పెన్ను పట్టాను.

సిరిసిల్లలో మా ముందుగదిలో అప్పట్లో మరమగ్గాలు నడిచేవి. మేము సాంచాలంటాం. ఆ చప్పుడులో మాట వినపడదు. పోగు తెగుతుందని మా ఆయన సాంచె విడిచి రాడు. అందుకని అత్తమ్మే ముందుగదికీ వంటింటికీ తిరుగుతూ ఇద్దరి మాటలూ చేరవేసేది. తర్వాత సాంచాలు అమ్మేశాం. ఇల్లు నిశ్శబ్దమైంది, ఆయన అలవాటు మాత్రం మారలేదు. నాకు చెప్పాల్సింది తల్లికే చెప్పేవాడు. ఆమె వంటింట్లోకి వచ్చి, "కూర మంచిగున్నదట బిడ్డా, ఇంకింత వెయ్యుమంటుండు" అనేది. ఆ మాటల మీదే నా కాపురం నడిచింది.

కొన్నేళ్ల కిందట కోరుట్లలో ఒక పెళ్లిలో మా మేనబావ కనిపించాడు. మొదట నన్ను ఆయనకే నిశ్చయం చేశారు. దుబాయి పోయినవాడు రావడం ఆలస్యమై ఆ సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు భార్య పోయి, జగిత్యాలలో ఒంటరిగా ఉంటున్నాడు. "తిన్నవా పిల్లా?" అని నా ముఖంలోకి చూసి అడిగాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. "ఎందుకా బతుకు? జగిత్యాల రా, నా ఇంట్ల ఉందువు" అన్నాడు ఒకరోజు. దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలిచేది కాదు.

పెరట్లో మాట్లాడుతుంటే అత్తమ్మ చూసింది.

"ఎవలు బిడ్డా?"

"మా బావ."

తిడుతుందనుకున్నాను. నవ్వింది.

"గట్ల గుసగుసలాడితే మీ బావకేం ఇనవడ్తది? సాంచాలింటి కోడలివి, గట్టిగ మాట్లాడు."

తర్వాత నా పక్కన కూర్చుంది. "కూర మంచిగున్నదని నా కొడుకు ఒక్కనాడు అనలే బిడ్డా. అన్నీ నేను కలిపిన మాటలే."

"ఎందుకు చెప్పినవత్తమ్మా?"

"నువ్వు పోతవని భయం. గిప్పుడు నిజం తెల్సింది. పోతనంటే పో. పెద్దమనుషుల ముందట నేనే నిలబడి చెప్త."

ఆ రోజు నుంచి మాటలు మోయడం మానేసింది. "నీకు నోరు లేదార? పోయి నువ్వే అడుగు" అనేది కొడుకుతో. ఆయన అడగలేక ఎన్ని సాయంత్రాలు చాయ లేకుండా ఉన్నాడో!

నేను జగిత్యాల పోలేదు. భయపడి కాదు, పొమ్మన్న మనిషిని విడిచి పోబుద్ధి కాలేదు. బావతో మాత్రం ఆమె ముందే, గట్టిగా మాట్లాడేదాన్ని.

నిన్న బావ ఫోన్ చేశాడు. "ఇగ నిన్ను ఆపేటోళ్లెవలు?" అన్నాడు. మళ్లీ చేస్తానని పెట్టేశాను. సాయంత్రం మా ఆయన వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"జర గట్టిగ చెప్పుండ్రి, ఇనవడలే" అన్నాను.

"అవ్వ... లేదు గద" అన్నాడు, తల్లి మంచం వైపు చూస్తూ.

చాయ ఇచ్చి, బావకు ఫోన్ చేశాను. "జర ఆగు బావా. ఇంట్ల మాట ఇప్పుడే మొదలైంది."

ఈ కాగితాలు ఎవరి చేతికైనా చిక్కితే దాచిపెట్టండి, ఎవరికీ చూపకండి. ఇవన్నీ ఆయన వింటే నా నోటి నుంచే వినాలి. ముందుగదికీ వంటింటికీ మధ్య అత్తమ్మ మంచం ఇంకా అట్లాగే ఉంది. ఇద్దరం దాన్ని చుట్టి నడుస్తున్నాం.